పాతరలో దాచిన తుపాకి: కాల్చొచ్చా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూలు జిల్లా, అచ్చంపేట దగ్గర పల్లె. తాతల కాలం నాటి డబుల్ బ్యారెల్ తుపాకి ఇంట్ల ఉన్నది. గుర్రాలు బయటికి కనవడే రకం. గొట్టాల మీద పాముచర్మం లెక్క చారలున్నయి. పోలీస్ యాక్షన్ రోజులల్ల భయపడి దాన్ని కొన్నేండ్లు పాతరల దాచిపెట్టిన్రట. బాపు ఉన్నప్పుడు పంట కావలికి రెండు మూడు మార్లు కాల్చిండు, ఏం కాలె. లైసెన్సు పోయినేడు నా పేరు మీదికి మారింది. గొట్టాల అడుగున కిరీటం, దాని కింద ఇంటూ మార్కు లెక్క రెండు కర్రలు, డైమండ్ గీతల నడుమ 12, దాని కింద సీ, పక్కకు 13 అని ఉన్నది. ఎడమ గొట్టానికి ‘చోక్’ అని కూడ ఉన్నది. బావ 70 ఎంఎం తూటా పెట్టి చూస్తే మంచిగనే కూసున్నది. లారీ టైరుకు కట్టి, తాడుతోని గుంజి రెండు తూటాలు పేలిస్తే సంగతి తెలిసిపోతదంటడు. చిన్నాయనేమో ఆ కాలం ఇనుము గట్టిది, భయం లేదంటడు. కాల్చొచ్చా? ఇంట్ల ఎట్ల పరీక్ష చేసుకోవాలె?

సమాధానం: కాల్చకండి. ఇంట్లో చేసుకునే పరీక్షలన్నీ ‘ఇది పనికిరాదు’ అని తేల్చగలవు. ‘ఇది భద్రం’ అని తేల్చగలిగింది వాటిలో ఒక్కటీ లేదు. కింద చెప్పేవన్నీ ఆ లెక్కతోనే చదవండి. ఏ ఒక్కదాంట్లో తప్పినా తుపాకి గోడకే. అన్నింట్లో నెగ్గితే, దాన్ని పనివాడి దగ్గరికి తీసుకెళ్లి కొలిపించే ఖర్చు దండగ కాదని అర్థం, అంతవరకే.

ముందుగా ముద్రలు. మీరు రాసినవి బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు. 1813లో మొదలైన ఆ సంస్థ ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి, తర్వాత విప్పి చూసి, కొలిచి, నిలబడితేనే ముద్ర కొట్టేది. కిరీటం కింద అడ్డంగా పెట్టిన రెండు రాజదండాల ముద్రను 1904 దాకా వాడారు. డైమండ్‌లో 12, కింద సీ అన్నది 1887 నిబంధనలతో వచ్చింది. ‘చాంబరు 12 బోరుది’ అని దాని అర్థం (చాంబరు అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటు, బోరు అంటే సైజు). రెండూ కలిపి చూస్తే మీ తుపాకి ఆ పదిహేడేళ్ల నడుమ ప్రూఫ్ అయినదన్నమాట. ‘చోక్’ అంటే ఎడమ గొట్టం మూతి దగ్గర సన్నబడుతుందని. అంతకంటే పాత తుపాకుల మీద, 1875 నుంచి 1887 దాకా, ఇదే సంగతిని ‘నాట్ ఫర్ బాల్’ అని కొట్టేవాళ్లు. పందుల కోసమని ఒంటి గుండు పెట్టే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి చెబుతున్నా: చోక్ ఉన్న పాత గొట్టంలో ఒంటి గుండు వద్దు.

ఇక ఆ అడుగున లేనిది చూడండి. కిరీటం కింద ‘ఎన్‌పీ’ అనే అక్షరాలు గానీ, 1954 తర్వాత వచ్చిన ‘బీఎన్‌పీ’ గానీ, ‘నైట్రో ప్రూఫ్’ అనే మాట గానీ మీ గొట్టాల మీద ఉన్నట్టు రాయలేదు. అంటే ఈ గొట్టాలు బ్లాక్ పౌడర్‌తో (పాతకాలపు నల్లమందుతో) మాత్రమే ప్రూఫ్ అయ్యాయి. ఇప్పుడు దుకాణంలో కొనే ప్రతి 12 బోర్ తూటాలోనూ ఉండేది పొగ రాని నైట్రో మందు. దానికి ఈ గొట్టాలను ఎవరూ పరీక్షించలేదు. ఫోరెండ్ చెక్క (గొట్టాల కింద ముందు చేత్తో పట్టుకునేది) ఊడదీసి, గొట్టాలను విడదీసి, చాంబర్ల కింద చదునుగా ఉండే భాగాన్ని కొద్దిగా కిరోసిన్ గుడ్డతో తుడిచి, భూతద్దంతో మరోసారి చూడండి. మట్టి, ఎండిన నూనె కింద చిన్న ముద్రలు దాక్కుంటాయి. ‘ఎన్‌పీ’ కనిపించకపోతే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికినట్టు. తుపాకి బెల్జియందై ఉంటే అండాకారంలో ‘ఈఎల్‌జీ’ అని ఉండేది. అసలు ఏ ముద్రా లేని తుపాకిని గురించి మాట్లాడటం కూడా అనవసరం.

ముద్ర ఉన్నా అది కొట్టిననాటి సాక్ష్యమే. ఆ తర్వాతి నూటపాతిక ఏళ్లలో గొట్టం లోపల ఎంత అరిగింది, ఎవరు ఎంత గీకారు అన్నది ముద్ర చెప్పదు. అయితే అరుగుదలను పట్టుకోవడానికి ఒక దారి ముద్రలోనే ఉంది: మీరు రాసిన ఆ 13. అది ప్రూఫ్ అయిన రోజున గొట్టం లోపలి వ్యాసం (బోరు అంకె పెరిగితే వ్యాసం తగ్గుతుంది). 13 అంటే 0.710 అంగుళం గేజు లోపలికి పోయింది, దాని పై సైజు 0.719 గేజు పోలేదు అని. మి.మీ. లెక్కలో 18.03, 18.26. చాంబరు వైపు నుంచి 9 అంగుళాల లోతులో బోర్ గేజుతో కొలిచినప్పుడు 18.26 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ గొట్టం ‘ప్రూఫ్ దాటింది’. ముద్ర చెల్లదు. అదే ముద్ర 12 అయి ఉంటే హద్దులు 0.729, 0.740, అంటే 18.52, 18.80. మామూలు వెర్నియర్ ఆ లోతుకు అందదు. లేత్ షాపుల్లో వాడే చిన్న టెలిస్కోపిక్ గేజూ అందదు. పొడవు కడ్డీ ఉన్న బోర్ గేజు కావాలి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పాత తుపాకి గొట్టం లోపల అద్దంలా మెరుస్తుంటే చాలామంది ‘ఎంత బాగా కాపాడారు’ అంటారు. పాతరలో ఉండి వచ్చిన తుపాకి అలా మెరిస్తే నాకు మొదట కలిగేది అనుమానం. తుప్పు గుంటలను పోగొట్టడానికి ఎవరో లోపల హోనింగ్ చేసి, అంటే గోడను అరగదీసి ఉంటారు. గుంటలు పోయాయి, వాటితోపాటు గోడ మందమూ పోయింది. ఒక మోస్తరు గుంటలున్న, ఎవరూ ముట్టని గొట్టం కంటే ఇది ఎక్కువ ప్రమాదం.

ఇప్పుడు మీ బావ పెట్టి చూసిన తూటా. ‘మంచిగనే కూసున్నది’ అన్నదే ఇందులో మోసం. తూటా మీద రాసే 70 ఎంఎం అనేది పేలిన తర్వాత, మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. మూతి మడత పెట్టి ఉన్న కొత్త తూటా 60 మి.మీ. లోపే ఉంటుంది. మీ తుపాకి కాలం నాటి ఇంగ్లిష్ 12 బోర్ చాంబర్లు ఎక్కువగా రెండున్నర అంగుళాలవి, అంటే 65 మి.మీ. కాబట్టి 70 తూటా హాయిగా లోపలికి పోతుంది, గొట్టాలు చక్కగా మూసుకుంటాయి. పేల్చినప్పుడు మాత్రం మూతి విచ్చుకోవడానికి చోటు చాలదు. చాంబరు దాటి, గొట్టం సన్నబడే కోన్‌లోకి 5 మి.మీ. చొచ్చుకొస్తుంది. సరిగ్గా ఛర్రాలు, వాటి వెనకుండే వాడ్ అనే బిళ్ల దూరాల్సిన ఇరుకులో ఇంకో పొర అడ్డం. ఒత్తిడి పెరుగుతుంది. ఈ ఒక్క కారణంతోనే మంచి గొట్టం పగిలిపోతుందని చెప్పను. తేలికపాటి తూటా అయితే పెరుగుదల కొద్దిగానే ఉండొచ్చు. కానీ మీ తుపాకిలో ఇది ఒంటరి కారణం కాదు కదా.

చాంబరు పొడవు ముద్రగా కొట్టడం 1925 నిబంధనల నుంచి మొదలైంది, కాబట్టి మీ దాని మీద ఉండదు. కొలవాలి. చాలామంది ఆరంగుళాల స్టీలు స్కేలు లోపలికి జారవిడిచి, ఆగిన చోట చదువుకుంటారు. ఆ స్కేలు వెడల్పు 19 మి.మీ. ఉంటుంది. చాంబరు ముందు అంచు వ్యాసం 20.3 మి.మీ. దగ్గర. స్కేలు చాంబరు అంచు దగ్గర ఆగదు. కోన్‌లోకి చాలా దూరం దిగి, 19కి ఇరుకైన చోట తడుతుంది. అందుకే 65 చాంబరు కూడా 70 దాటినట్టు చూపిస్తుంది. ఈ తప్పు కొలతతో ఎంతోమంది ‘మాది 70 చాంబరే’ అని నమ్ముతున్నారు. సరైన పద్ధతి చాంబరు గేజు. అది లేకపోతే లేత్ మీద 20.2 మి.మీ. వ్యాసంతో, మొన చదునుగా, ఇత్తడి లేదా నైలాన్ కడ్డీ ముక్క తీయించి మెల్లగా జారవిడవండి. ఆగిన చోట చాంబరు వెనక అంచుకు సమానంగా గీత గీసి, బయటికి తీసి కొలవండి. బలవంతంగా నెట్టొద్దు. రెండు గొట్టాలనూ విడివిడిగా కొలవాలి.

కొలత నిజంగానే 70 వచ్చిందనుకోండి, సంబరపడొద్దు. 1904కు ముందు ప్రూఫ్ అయిన మామూలు తుపాకిలో 70 చాంబరు కనిపిస్తే, తర్వాత ఎవరో రీమరు (రంధ్రం తొలిచే పనిముట్టు) పెట్టి పొడిగించారనే అనుకోవాలి. గోడ పలచబడింది సరిగ్గా ఒత్తిడి ఎక్కువగా ఉండే చోట. తూటా పేలాక ఒత్తిడి చాంబరులోనూ, దాని తర్వాతి ఒకటి రెండు అంగుళాల్లోనూ శిఖరానికి చేరుతుంది. ఈ రోజుల మామూలు 12 బోర్ తూటాకు యూరప్ ప్రమాణం గరిష్ఠంగా 740 బార్. ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 750 కిలోల బరువు పడ్డట్టు.

గోడ మందం. అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇదే, ఇంట్లో తీయడానికి వీల్లేనిదీ ఇదే. వెర్నియర్ మూతి దగ్గర పెట్టి కొలిచి ‘మిల్లీమీటరు పైనే ఉంది’ అనుకుంటారు. మీ ఎడమ గొట్టానికి చోక్ ఉంది కాబట్టి మూతి దగ్గర లోపలి వ్యాసం తగ్గి, గోడ సహజంగానే మందంగా కనిపిస్తుంది. పలచటి చోటు దానికి చాలా వెనక ఉంటుంది. పనివాడి దగ్గర వాల్ థిక్‌నెస్ గేజు ఉండాలి: ఒక కడ్డీ గొట్టం లోపల, డయల్ బయట. అంగుళానికి ఒకసారి, ప్రతి చోటా గొట్టాన్ని తిప్పుతూ కనీసం మూడు నాలుగు వైపుల కొలవాలి. ఎందుకంటే పాత గొట్టాల్లో లోపలి రంధ్రం సరిగ్గా మధ్యన ఉండదు. ఒక వైపు 0.9 మి.మీ., ఎదురు వైపు 0.45 ఉన్నా బయటికి తెలియదు.

ఎంత ఉంటే చాలు? పనివాళ్ల వాడుకలో ఉన్న లెక్క ఇది, చట్టం కాదు: చాంబరు ముగిసే చోట రెండుంపావు నుంచి రెండున్నర మి.మీ., 9 అంగుళాల దగ్గర ఒక మి.మీ. పైన, ముందు సగంలో ఎక్కడా అర మి.మీ.కు తగ్గకుండా. ఆ అర మి.మీ. కూడా మంచి ఉక్కు గొట్టానికి. అంగుళంలో వెయ్యో వంతులు 20 అని పనివాళ్లు చెప్పేది దాన్నే. చారల గొట్టానికి నా లెక్క 0.7 మి.మీ. అంతకు తగ్గితే ఏ తూటా అయినా వద్దనే చెబుతాను. 9 నుంచి 14 అంగుళాల మధ్య ప్రత్యేకంగా చూడమనండి. కాల్చేటప్పుడు ఎడమచేతి వేళ్లుండేది అక్కడే.

చారల సంగతికొస్తే, ఇవి డమాస్కస్ గొట్టాలు. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి కాల్చి మెలితిప్పి, ఆ కడ్డీని ఊచ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో కొట్టి అతికించినవి. అంటే గొట్టం ఈ చివర నుంచి ఆ చివరి దాకా అతుకులే. మంచి పనివాడు చేసిన డమాస్కస్ ఇంగ్లండులో నైట్రో ప్రూఫ్‌కు కూడా నిలబడింది, కాబట్టి ‘చారలుంటే పేలిపోతుంది’ అనే మాట నిజం కాదు. చిన్నాయన గారి మాట కూడా నిజం కాదు. మందం ఒకటే అయినప్పుడు తర్వాతి కాలపు ఉక్కు గొట్టమే బలమైంది. అసలు భయం ఇనుము మెత్తదనం గురించి కాదు, అతుకుల గురించి. అతికించేటప్పుడు చిట్టెం చిక్కుకుంటే అక్కడ అతుకు పట్టదు. తడి తగిలితే తుప్పు ఆ సందులోకే దారి చేసుకుంటుంది.

అందుకే తుప్పు గుంటల్ని చూసేటప్పుడు వాటి లోతు ఒక్కటే చూడొద్దు, వరుస చూడండి. ముందు గొట్టాన్ని శుభ్రం చేయాలి. బ్లాక్ పౌడర్ మసి, పాతకాలపు క్యాపుల ఉప్పు నూనెలో కరగవు, నీళ్లలో కరుగుతాయి. కాబట్టి వేడి సబ్బునీళ్లు, కంచు బ్రష్, ఆరబెట్టడం, ఆ తర్వాతే నూనె. బూడిదరంగు పొరలా అంటుకున్న సీసం కూడా పోవాలి. అది గుంటల్ని కప్పేస్తుంది. డ్రిల్లుకు ఎమరీ కాగితం చుట్టి తిప్పొద్దు. తర్వాత వెనక నుంచి సన్నటి ఎల్‌ఈడీ వెలుగు పెట్టి చూడండి. అక్కడొకటి ఇక్కడొకటి గుండ్రటి గుంటలుంటే, అవి ఎంత లోతు, ఆ చోట గోడ ఎంత అన్నది లెక్క: 0.2 మి.మీ. గుంట చాంబరు దగ్గరి రెండున్నర మి.మీ. గోడకు పెద్ద దెబ్బ కాదు, ముందుభాగంలో 0.6 గోడకు మూడో వంతు. గుంటలన్నీ ఒక దారంలా వరుసగా, వంపు తిరుగుతూ, బయటి చారల వాలులోనే సాగుతుంటే మాత్రం ఇక కొలతలు అక్కర్లేదు. అది అతుకు వెంట పాకిన తుప్పు. అక్కడితో ఆపేయండి.

సొట్టలు, ఉబ్బులు చూడటానికి నీడ పద్ధతి బాగా పనిచేస్తుంది. కిటికీ అడ్డుకమ్మీ వైపు గొట్టాన్ని ఎత్తి లోపలికి చూస్తే కమ్మీ నీడ రెండు సన్నటి గీతలుగా గొట్టం పొడవునా సాగుతుంది. గొట్టాన్ని మెల్లగా తిప్పండి. గీత ఎక్కడైనా వంగితే సొట్ట, ఉంగరంలా చుట్టూ మసకబారితే ఉబ్బు. ఉబ్బిన గొట్టం ఒకసారి లొంగింది, దాన్ని సుత్తితో కొట్టి సరిచేసినా లోహం మునుపటిది కాదు.

మోగించి చూడటం మన ఊళ్లలో అందరికీ తెలిసిన పరీక్ష. గొట్టాలను చెక్క నుంచి విడదీసి, కొక్కెం దగ్గర దారం కట్టి వేలాడదీసి, చెక్కపిడితో తట్టాలి. ఖంగుమని సాగితే రిబ్బుల (రెండు గొట్టాలను కలిపే పట్టీల) అతుకు గట్టిగా ఉందని. జిర్రుమంటే, చప్పున ఆగిపోతే రిబ్బు వదులైందని. ఇది రిబ్బు గురించే చెబుతుంది, గొట్టం గోడ గురించి కాదు. ఖంగుమన్న గొట్టం కూడా పగలొచ్చు. అయినా మీ విషయంలో ఈ పరీక్షకు విలువ ఎక్కువ, కారణం ఆ పాతర. రెండు గొట్టాల మధ్య, పైనా కిందా రిబ్బుల వెనక, మూసుకుపోయిన సందు ఉంటుంది. రిబ్బు టిన్ను సీసం అతుకుతో ఉంటుంది. ఎక్కడైనా వీగితే తడి లోపలికి పోతుంది, బయటికి రాదు. మట్టి తడిలో కొన్నేళ్లున్న తుపాకిలో గొట్టాలు లోపల, బయట శుభ్రంగా కనిపించి, రిబ్బుల కింద మాత్రం తుప్పు తినేసి ఉండొచ్చు. రిబ్బు విప్పితే తప్ప ఏ కన్నూ, ఏ గేజూ దాన్ని చూడలేదు. గోడ మందం గేజు కూడా ఆ వైపు పట్టదు. విప్పి మళ్లీ అతికించడం పెద్ద పని, పెద్ద ఖర్చు. మీ తుపాకిని కాల్చొద్దని చెప్పడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

పగుళ్ల కోసం ఒక పరీక్ష ఇంట్లో చేయొచ్చు. గొట్టాలను పెట్రోలుతో కడిగి ఆరబెట్టి (బయట, పొయ్యికి దూరంగా), లోపల కిరోసిన్ పూసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి లోపలా బయటా పొడిగా తుడిచి, చాక్‌పీసు పొడిని స్పిరిట్‌లో కలిపి బయట పల్చగా పూయండి. అరగంటలో తెల్లటి పూత మీద తడి గీత తేలితే గోడకు అటూ ఇటూ పగులున్నట్టే. ఏమీ తేలకపోతే ఆరపార పగులు లేదని మాత్రమే, లోపలే ఆగిన పగులు సంగతి అది చెప్పదు. పరిశ్రమల్లో వెల్డింగులకు చేసే మాగ్నెటిక్ పరీక్ష డమాస్కస్ మీద అయోమయం చేస్తుంది. ఇనుము, ఉక్కు పొరలన్నీ గీతలుగానే కనిపిస్తాయి.

టైరు పరీక్ష వద్దు, గట్టిగా చెబుతున్నా. ప్రూఫ్ హౌస్‌లో ఎక్కువ మందుతో పేల్చడం సగం పనే. మిగతా సగం పేల్చిన తర్వాత కొలిచి, ఉబ్బు, పగులు వెతకడం. టైరు దగ్గర ఆ రెండో సగం జరగదు. రెండు తూటాలకు నిలిచిన గొట్టంలో అప్పుడే పుట్టిన పగులు ఉండొచ్చు, మూడోది భుజానికి ఆనించి కాల్చినప్పుడు తెరుచుకుంటుంది. బాపు కాల్చినప్పుడు ఏం కాలేదన్నదీ ఇంతే. ఆయన కాల్చిన తూటా ఏదో, ఆ తర్వాత తుప్పు ఎంత తిన్నదో తెలియదు. పైగా 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకిని బాగుచేయడం, పరీక్షించడం, ప్రూఫ్ చేయడం దానికి లైసెన్సున్నవాళ్ల పని. మీకున్నది దగ్గర పెట్టుకునే లైసెన్సు. గొట్టాన్ని ల్యాబ్‌కు పంపాలన్నా, రిబ్బు విప్పాలన్నా హైదరాబాద్‌లోని లైసెన్సున్న డీలరు ద్వారానే వెళ్లండి. మూతి దగ్గర పాడైతే అంతమేర కోసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, గొట్టం పొట్టి చేయడం ఆరో సెక్షన్ కిందికి వస్తుంది.

మంచి గొట్టాలను కూడా పగలగొట్టే సంగతులు రెండు మూడున్నాయి, మీ ఇంట్లో ఇంకో తుపాకి ఉంటే వాటికీ వర్తిస్తాయి. మూలన పెట్టిన గొట్టంలో కందిరీగ మట్టిగూడు కడుతుంది; శుభ్రం చేసిన గుడ్డ ముక్క లోపలే ఉండిపోతుంది. గొట్టం మధ్యలో పగిలిన తుపాకుల్లో ఎక్కువ భాగం కథ ఇలాంటి అడ్డంకే. 20 బోర్ తూటా 12 బోర్ చాంబరులోంచి జారి కోన్‌లో ఇరుక్కుంటుంది, కనిపించదు. దాని వెనక 12 తూటా పెట్టి పేలిస్తే చేయి మిగలదు. 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేసేది అందుకే. ఇంకొకటి, తూటా విప్పి అందులోని నైట్రో మందును బ్లాక్ పౌడర్ కొలతతోనే మూతి నుంచి కూరే నాటు తుపాకిలో పోయడం. చాంబరు దగ్గరే చీలిపోయిన తుపాకి కనిపిస్తే నేను మొదట అడిగేది మందు సంగతే. ఎన్నికలప్పుడు ఠాణాలో డిపాజిట్ చేసి నెలల తర్వాత తెచ్చుకున్న తుపాకిని కూడా లోపల వెలుగు పెట్టి చూడకుండా తూటా పెట్టొద్దు.

గొట్టాలు, చెక్క కలిసే చోటు సంగతి క్లుప్తంగా: ఫోరెండ్ తీసేసి, తుపాకి మూసి, గొట్టాలను పట్టుకుని ఊపండి. కదిలినా, వెనక తలుపుకూ గొట్టానికీ మధ్య వెలుగు కనిపించినా, తూటా అంచు చీలి గ్యాసు ముఖం మీదికి వస్తుంది. అది బాగుచేయించుకోగల జబ్బే, కానీ గొట్టాల సంగతి తేలకముందు దాని మీద డబ్బు పెట్టకండి.

‘65 ఎంఎం తక్కువ ఒత్తిడి తూటాలు తెప్పించి వాడితే?’ అని మీరు అడగబోతారని తెలుసు. ఇంగ్లండులో పాత తుపాకుల వాళ్లు చేసేది అదే, కానీ నైట్రో ప్రూఫ్ ఉన్న గొట్టాల్లో, గోడ మందం కాగితం మీద రాయించుకున్నాక. మన దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా 70 ఎంఎం. పెట్టె మీద చదవండి. 70 తూటాను కోసి 65 చేయడం మందు తగ్గించదు, ఒత్తిడీ తగ్గించదు. 12 చాంబరులో పెట్టే పొట్టి ఇన్సర్టులు కూడా రక్షణ కావు, తూటా దాటాక ఒత్తిడిని మోసేది మళ్లీ ఆ పాత గోడే.

మీరు కాల్చాలనుకునేది మొక్కజొన్న, పల్లి చేల మీద పడే పందుల కోసమైతే, వాటి మీద కాల్చడానికి తుపాకి లైసెన్సు చాలదు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి వేరే. ఆ అనుమతి ఉన్నా ఈ తుపాకితో వద్దు.

దీన్ని ఉంచుకోవాలంటే లైసెన్సు మీదే ఉంచుకోండి, గడువు దాటనీయకండి. పాతది, పనికిరాదు కాబట్టి లైసెన్సు అక్కర్లేదని కొందరంటారు. ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు బాగుచేసినా కూడా తుపాకిగా పనిచేయనిదానికే. మీది గుర్రం పడితే పేలుతుంది, కాబట్టి వర్తించదు. మినహాయింపు కోసం మీరే డ్రిల్లుతో రంధ్రం పెట్టొద్దు, అది కలెక్టరేట్‌లో అడిగి చేయించే పని. వద్దనుకుంటే ఠాణాలో గానీ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. మళ్లీ నల్లగా మెరిపించాలని వేడి బ్లూయింగ్ మాత్రం చేయించకండి. ఆ ఉప్పు ద్రావణం రిబ్బుల టిన్ను అతుకును తినేస్తుంది, సందుల్లో చిక్కి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది, చారలూ పోతాయి. పల్చగా మెషిన్ ఆయిల్, ఆర్నెల్లకోసారి గుడ్డతో తుడుపు, తోలు సంచిలో కాకుండా గాలి ఆడే చెక్కపెట్టెలో. తోలు తడిని పట్టి ఉంచుతుంది.